నత్తని తొక్కకండి

పోయిన ఆదివారం మా అరుగు మీద ఒక రాక్షసుడు నత్తయిపోయాడు.

అరుగంటే ఉప్పాడలో మా నాన్నగారి ఇంటి అరుగు. దానికీ సముద్రానికీ మధ్య నా చిన్నప్పుడు ఎన్ని వీధులుండేవో ఈ కాలమ్ చదివేవాళ్ళకి కంఠతా వచ్చు. ఇవాళ ఆ లెక్క మళ్ళీ మొదలెట్టను, ఒట్టు. సెలవులకొచ్చిన మా చెల్లెలి పిల్లలిద్దరూ, వాళ్ళ స్నేహితులిద్దరూ చాప పరుచుకుని, గాలికి కాయితాలు ఎగిరిపోకుండా గవ్వలు పెట్టుకుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నారు. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికావాళ్ళు కల్పించగా 1974లో అచ్చయిన ఆట. ఒకడు కథ చెబుతాడు, మిగతావాళ్ళు అందులో పాత్రలవుతారు, తేలని చోటల్లా ఇరవై ముఖాల పాచిక తీర్పు చెబుతుంది. బుర్రకథలో వంతలు తిరగబడి కథని తమకి కావలసినట్టు తిప్పుకుంటే ఎలా ఉంటుందో, అలాగన్నమాట.

కథ చెప్పేవాడు మా మేనల్లుడు. ఇద్దరు కొండరాక్షసుల్ని మీదకి తోలాడు. మాంత్రికుడి పాత్ర కట్టిన కుర్రాడు, పేరు నేపాళ మాంత్రికుడనే పెట్టుకున్నాడు లెండి, పాలీమార్ఫ్ మంత్రం వేసి ఒకణ్ణి నత్తని చేసేశాడు. నాకు ఒళ్ళు మండింది. అంత రాక్షసుణ్ణి, కత్తి దూయకుండా, నత్తని చేసి పక్కన పెట్టడం ఏం యుద్ధం? ఈలోగా నాలుగోవాడు ఉత్సాహం పట్టలేక ఆ నత్తని కాస్తా తొక్కేశాడు. మా మేనల్లుడు తాపీగా, "నత్త చచ్చింది. రాక్షసుడు లేచాడు," అన్నాడు. ఈ వారం నాకు దొరికిన ఒకే ఒక్క సంతోషం అది.

సంగతేమిటంటే, వాళ్ళు దగ్గర పెట్టుకున్న 2014 నాటి పుస్తకం ప్రకారం, మారిన ఒంటి ప్రాణాలు వేరు, అసలు ఒంటివి వేరు. (హిట్ పాయింట్లని పిల్లలు ప్రాణాలంటారు, బాగుంది.) పై ప్రాణాలు హరించుకుపోతే లోపలివాడు బయటికొస్తాడు. దెబ్బలో మిగిలిందేదో అప్పుడు తగులుతుంది, అంతే. నత్తకి ప్రాణమెంత, తొక్కుడు ఎంత! నూటచిల్లర ప్రాణాలతో రాక్షసుడు మళ్ళీ ఎదురుగా నిలబడ్డాడు. నత్తని చేస్తే దాని జోలికి పోకూడదు. బుట్ట బోర్లించి, గంట గడిచేలోపు రెండోవాడి పని చూసుకోవాలి.

చందమామ చదివి పాడైపోయినవాణ్ణి కనక నాకొక సిద్ధాంతం ఉంది. మీకూ తెలిసిందే, నాలుగైదుసార్లయినా రాసుంటాను. రూపం మార్చడం మోసానికి పనికొచ్చే విద్య, పోట్లాటకి కాదు. మారీచుడు జింకయింది రాముడి మీద కలబడ్డానికి కాదు, ఆయన్ని పర్ణశాల నుంచి దూరం తీసుకుపోవడానికి. మహిషాసురుడు యుద్ధం మధ్యలో సింహమయ్యాడు, మనిషయ్యాడు, ఏనుగయ్యాడు, మళ్ళీ దున్నయ్యాడు. ఏం ఒరిగింది? సగం బయటికొచ్చి సగం లోపలుండగా చచ్చాడు. ఆ విద్యని సరిగ్గా వాడుకున్నది ఇల్వలుడూ వాతాపీ. తమ్ముడు మేకవుతాడు, అన్న వండి అతిథికి వడ్డిస్తాడు, ఆనక పేరు పెట్టి పిలుస్తాడు. వేషం ఒకడిది, విప్పే మాట ఇంకొకడిది. అగస్త్యుడు ఆ మాటకన్నా ముందు పొట్ట నిమురుకున్నాడు కాబట్టి సరిపోయింది. చంటిపిల్లలకి పాలు పట్టాక మన ఆడవాళ్ళు ఇప్పటికీ వాతాపిని తలుచుకుంటారు.

ఇదంతా పిల్లలకి చెప్పాను. మేనకోడలు ఓపిగ్గా విని, "ఇక్కడా అంతే మావయ్యా, ఇద్దరి పని," అంది. మంత్రం వేసినవాడు దాన్ని మనసులో పట్టుకుని ఉండాలిట. వాడికి దెబ్బ తగిలితే పాచిక వెయ్యాలి, తక్కువ పడితే మంత్రం తెగిపోతుంది. ఇంకో మంత్రమేదైనా మనసులో పట్టుకోబోయినా ఇది జారిపోతుంది. మృగమైనవాడికా, బుద్ధి మృగానిదే, మాట రాదు, మంత్రం రాదు. ఈ మంత్రానికి కావలసిన సరంజామా ఏమిటో తెలుసా? ఒక్క గొంగళిపురుగు గూడు.

మా నాన్నగారుంటే పడీపడీ నవ్వేవారు. పట్టు జాందానీ నేసినన్నాళ్ళు ఆయన మగ్గం మీద ఎన్ని వేల గూళ్ళు పోగులై సాగాయో! పువ్వు దగ్గరికి వచ్చినప్పుడు ఆయన్ని పలకరించకూడదు. బుటాకి ఎత్తాల్సిన పోగుల లెక్క తప్పితే, రెండు వైపులా ఒక్కలాగే ఉండాల్సిన పువ్వు వంకరపోతుంది. 2009లో ఉప్పాడ జాందానీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, ఆ గుంటమగ్గం పక్కన ఊపిరి బిగబట్టి కూర్చున్న నాకు ఆ గుర్తింపు ఎప్పుడో ఉంది. పట్టుకుని ఉండటమంటే ఏమిటో నాకెవరూ చెప్పక్కర్లేదు.

మృగానికి మాట రాదు అనేసరికి మాత్రం నాకు మా వీధి పులి గుర్తొచ్చింది.

ఆయనా నేతగాడే. దసరాకి పులివేషం కట్టేవాడు. తెల్లారగట్ల మొదలెడితే ఒంటినిండా పసుపు పూసి నల్ల చారలు దిద్దేసరికి పొద్దెక్కేది. రంగు ఆరేకొద్దీ చర్మం బిగుసుకుపోయేది, కూర్చోవడానికి లేదు. డప్పు మొదలయ్యాక ఆయన ఇక మాట్లాడడు. మంచినీళ్ళు కావాలన్నా గుర్రుమనడమే. ఒక ఏడు, షావుకారు గుమ్మంలో ఆడుతున్నాడు. షావుకారు అరుగు మీంచే, "ఏరా, నూలు బాకీ సంగతేంటి?" అన్నాడు, పదిమందీ వినేలా. డప్పులు ఆగాయి. ఈయన ఇంట్లో అయితే తల దించుకుని "వచ్చే నెలండి బాబూ" అనాల్సినవాడు. పులి కదా, అనలేడు. రెండు అంగల్లో మెట్ల మీదకి లంఘించి, షావుకారు మొహమ్మీద మొహం పెట్టి గాండ్రించాడు. ఊరు ఊరంతా గొల్లుమంది. ఆ నవ్వుల్లో షావుకారే జేబులోంచి అర్ధరూపాయి తీసి పులి నోటికి అందించాడు.

మర్నాడు పొద్దున్న పెరట్లో కిరసనాయిలు గుడ్డతో చారలు తుడుచుకుంటూ కనిపించాడు. చారలు పోయినచోట మామూలు ఒళ్ళు బయటపడుతోంది. బాకీ ఎంతుందో అంతే ఉంది. ఒక్క పైసా తగ్గలేదు, పెరగనూ లేదు.

ఆ పులి ఎవర్నీ కరవలేదు. మోసగించనూ లేదు, అందులో ఉన్నదెవరో షావుకారుతో సహా అందరికీ తెలుసు. నా సిద్ధాంతంలో ఈయన ఎక్కడ ఇముడుతాడో ఇన్నేళ్ళలో నాకెప్పుడూ తట్టలేదు.

సాయంత్రం కాకినాడ బస్సుకి టైమైందని మాంత్రికుడు లేచాడు. అతని కాయితం నా చేతిలో పెట్టారు. యుద్ధం ఇంకా అవలేదు. మేనకోడలి వీరనారికి తొమ్మిదే ప్రాణాలు మిగిలాయి, ఇద్దరు రాక్షసులూ ఆమె మీదే ఉన్నారు. నా దగ్గర నిప్పుల బంతి మంత్రం ఉంది, అందరూ అదే వేస్తాననుకున్నారు. నేను అమ్మాయిని జెయింట్ ఏప్‌ని చేశాను. ఏడో అంచె వీరులకి ఆ పుస్తకం ఒప్పుకునే పెద్ద మృగం, ప్రాణాలు 157. "కొట్టడానికి కాదమ్మలూ, కాసేపు అందులో ఉండు," అన్నాను. అది మాత్రం వినకుండా రాక్షసుల్ని చితక్కొట్టింది, వేరే సంగతి. రెండు వరసల్లో వానరం మీద నూరుకి పైగా దెబ్బలు పడ్డాయి.

ఒకడు పడ్డాడు. రెండోవాడు చివరికి బండరాయెత్తి నా మీద విసిరాడు.

"పాచిక వెయ్యి మావయ్యా," అన్నాడు మేనల్లుడు.

విసిరాను. అది అరుగు మీంచి గుమ్మం దాటి, దొర్లుకుంటూ వెళ్ళి మా నాన్నగారి మగ్గం గుంటలో పడింది. అందరం గుంట చుట్టూ వంగాం. సెల్లు వెలుతుర్లో పెడల కింద కనిపించింది, మూడు. మంత్రం తెగింది.

మేనకోడలు తన కాయితం మీంచి గవ్వ తీసి చూసుకుంది.

"తొమ్మిదీ ఉన్నాయి మావయ్యా."