వార్తలోని రైతు, వార్తకందని కూలి

సమాజంలోని వర్గభేదాలను పత్రికలు, చలనచిత్రాలు, టీవీ ప్రసారాలు ఏ రీతిగా రూపుకట్టి చూపుతున్నాయన్న విచారణకు ఆర్మూరును మించిన క్షేత్రం తెలుగునాట అరుదు. నవనాథ సిద్ధుల గుట్ట చెంత, 44వ, 63వ జాతీయ రహదారులు కలిసే ఈ పట్టణంలో పసుపు పండించే పట్టాదారు, పరుల భూమిని కౌలుకు దున్నే పేదరైతు, దుంపలు ఏరి కల్లానికి చేర్చే కూలి స్త్రీ, బస్తా మోసే హమాలి, అడ్తీదారు, ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టే ఇల్లాలు, గల్ఫునుండి కుమారుడు పంపే సొమ్ముకై ఎదురుచూసే వృద్ధుడు నిత్యం ఒకే వీధిలో ఒకరికొకరు ఎదురుపడుతూనే ఉంటారు. వీరిలో వార్తగా మారే భాగ్యం ఎవరికి, ఏ వేళ, ఏ రూపంలో దక్కుతున్నదన్న ప్రశ్నను చేపట్టి, దాని సమాధానానికై దీర్ఘకాలం శ్రమించిన ఫలం పాఠకుల చేతిలోని ఈ గ్రంథం.

గ్రంథకర్త్రి పసుపు కల్లాల నడుమ పెరిగిన బిడ్డ. ఈమె పరిశ్రమలో నన్ను విశేషంగా ఆకర్షించినది సేకరణ కాదు, శ్రవణం. జిల్లా పేజీలను కత్తిరించి, కాలక్రమంలో పేర్చి, వర్గీకరించడం శ్రద్ధగల పరిశోధకులెవరైనా చేయగలిగిన పనే. ఆ వార్తను ఎవరిని గురించి రాశారో వారి వద్దకే తీసుకొనిపోయి, పసుపు ఉడుకుతున్న బాయిలరు పక్కన కూర్చొని, అక్షరం రాని స్త్రీలకు ఆసాంతం చదివి వినిపించి, వారేమన్నారో దానిని దిద్దుబాటు లేక లిఖించిన ఓర్పు మాత్రం ఈమె సొత్తు. ఆ మాటలున్న అధ్యాయాన్ని ముందుగా చదవవలసిందిగా నా ప్రార్థన.

2019 నాటి ఉదంతాన్ని ఈమె పరిశీలించిన తీరు ఒక్కటే ఈ గ్రంథానికి నిలకడైన స్థానం కల్పించగలదు. ఆ ఫిబ్రవరిలో పసుపునకు క్వింటాలుకు 15,000 రూపాయలు, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు కావాలని కోరుతూ రైతులు ఆర్మూరు వద్ద జాతీయ రహదారిపై బైఠాయించారు. ఆ కోరిక నెరవేరకపోగా, వారు నామినేషన్ పత్రాలు చేపట్టి నిజామాబాద్ లోక్‌సభ ఎన్నికలో స్వయంగా నిలిచారు. 185 మంది అభ్యర్థులు, వారిలో అత్యధికులు రైతులు. ఏప్రిల్ 11న ప్రతి పోలింగు కేంద్రంలో పన్నెండేసి బ్యాలెట్ యూనిట్లు అమర్చవలసి వచ్చింది. ఢిల్లీనుండి కెమెరాలు దిగాయి. దిగిన కెమెరాలు చూపినది యంత్రాలను. ఇన్ని యూనిట్లు ఎలా కలుపుతారు, ఓటరు తన గుర్తును ఎలా వెతుక్కుంటాడు అన్న కుతూహలం తెరను ఆక్రమించగా, తొమ్మిది నెలల పంటకు విత్తనమెంత, ఎరువెంత, తవ్వకమెంత, ఉడకబెట్టి ఆరబెట్టి పాలిష్ పట్టడానికి అయ్యే కూలి ఎంత, పసుపులో కాడి రకానికీ గోళ రకానికీ ధర ఎందుకు వేరు, ఇక్కడి రైతు తన సరుకును మహారాష్ట్రలోని సాంగ్లీకి ఎందుకు మోసుకుపోతున్నాడు అన్న లెక్క మాత్రం వెనుకకు జరిగింది. లెక్క తెలిసిన వ్యవసాయదారుడు వింత సంఖ్యగా మారిపోయాడని ఈమె చేసిన నిర్ధారణ నాకు సర్వథా అంగీకారం. తదుపరి కథ అందరికీ తెలిసినదే: రైతులు కోరుతూ వచ్చిన పసుపు బోర్డు గురించి 2023 అక్టోబరు 1న ప్రకటన, 2025 సంక్రాంతి నాడు నిజామాబాద్‌లో దాని ప్రారంభం, ఆ ఘనత ఏ పార్టీదన్న వాదంతో నిండిన పేజీలు.

ఇంతకంటె లోతైన పరిశీలన మరొకటి ఉన్నది. రహదారిపై కూర్చున్న పట్టాదారు కనీసం ఒక ఛాయాచిత్రమైనా అయినాడు. అతని పొలంలో దినకూలికి వంగిన స్త్రీ అదీ కాలేదు. 2018లో రైతుబంధు పథకం ఎకరాకు పంటకు 4,000 రూపాయల వంతున పట్టా ఉన్నవారికే అందినప్పుడు, చెక్కు పట్టుకొని నవ్వే ముఖమే రైతు ముఖమై ప్రకటనల నిండా నిలిచింది. చెక్కు రాని కౌలుదారు ఆ చిత్రపు అంచులోనైనా లేడు. గ్రామాభివృద్ధి కమిటీలు దళిత కుటుంబాలపై విధించే సాంఘిక బహిష్కరణల వార్తలు జిల్లా పేజీ దాటి రాష్ట్ర పేజీకి ఎక్కడమే అరుదు. మన దేశంలో వర్గమును కులమునుండి విడదీసి చూపబూనిన ఏ వర్ణనా సమగ్రం కాజాలదని నా దృఢ విశ్వాసం, ఈమె ఆ పొరపాటు చేయలేదు.

కొందరు వార్తకెక్కి కొందరు ఎక్కకపోవడానికి కారణాన్ని ఈమె వ్యక్తుల దురుద్దేశంలో వెతకక, పత్రికా నిర్మాణంలోనే వెతికింది. 1989లో ఈనాడు ప్రారంభించిన జిల్లా అనుబంధాల పద్ధతిని తక్కిన పత్రికలూ అనుసరించిన పిదప, పల్లె వార్తకు మునుపెన్నడూ లేని స్థలం లభించిన మాట వాస్తవం. ఆ స్థలానికే ఒక గోడ కూడా ఉన్నది. ఆర్మూరు బాధను ఆర్మూరే చదువుకొంటుంది. హైదరాబాదు చదవాలంటే రహదారి స్తంభించాలి. స్తంభించిన నాడు వార్త ప్రయాణికుల ఇక్కట్లను గురించి వెలువడుతుంది.

చలనచిత్రాలకు కేటాయించిన భాగం సంక్షిప్తమే అయినా సారవంతం. చల్లపల్లి జమీందారు అధినేతగా గల సారథి సంస్థ, గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో జమీందారీని నిలదీస్తూ 1939లో నిర్మించిన రైతుబిడ్డకు తోటి జమీందారులనుండి ఎదురైన ప్రతిఘటన, తెలంగాణ పోరాటాన్ని తెరకెక్కించిన గౌతమ్ ఘోష్ మాభూమి, దశాబ్దాలపాటు హాస్యగాడికో దుష్టుడికో కేటాయించబడిన ఇక్కడి యాస, అదే యాసను నాయిక నోట మనోజ్ఞంగా పలికించి బాన్సువాడను తెలుగువారందరికీ పరిచయం చేసిన 2017 నాటి ఫిదా, వీటన్నింటినీ ఒక వంశక్రమంగా కూర్చి, చివరకు ఈమె ఒక మాట అంటుంది: గౌరవం పొందినది చదువూ ఆస్తీ గల ఇంటి యాస, కూలి యాసకు ఆ గౌరవం యూట్యూబులో, జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ ద్వారా, సినిమా అనుమతి అక్కరలేకుండానే వచ్చింది. యోచించదగిన మాట.

ఈ విచారణకు దూరదేశపు పూర్వులూ ఉన్నారు. లీడ్స్ నగరపు శ్రామికవాడలో పెరిగిన రిచర్డ్ హోగార్ట్ 1957లో తన వారి జీవనాన్నీ, దానిపై జనాకర్షక పత్రికల ప్రభావాన్నీ పరిశీలించాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విల్‌ఫ్రెడ్ పికిల్స్ యార్క్‌షైర్ యాసతో బీబీసీ వార్తలు చదివినప్పుడు శ్రోతలనేకులు ఆక్షేపించారు. 2014లో ఒక బ్రిటిష్ ఛానలు బర్మింగ్‌హామ్‌లోని ఒక వీధిని ప్రభుత్వ సహాయంపై బతికేవారి వీధిగా ప్రదర్శించగా, తాము వంచితులమైనామని అక్కడివారు వాపోయారు. మన పరంపరలోనో, సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో సంచికనే వెలువరించారు. లేరనిపించుకొన్నవారిని ఆధారాలతో నిలబెట్టే ఆ విధానానికే ఈ గ్రంథం వారసురాలు.

ఒక లోపం సూచించక తప్పదు. నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే స్త్రీలలో ముస్లింలు గణనీయంగా ఉన్నారు. వారి ఇళ్లలో చదివే ఉర్దూ పత్రికలను, ముఖ్యంగా 1949నుండి వెలువడుతున్న సియాసత్‌ను, ఈమె స్పృశించలేదు. తెలుగు పేజీలో కనిపించని స్త్రీ ఉర్దూ పేజీలో కనిపించిందా లేదా అన్నది తేలితే ఈ వాదం మరింత బలపడుతుంది, లేదా సవరణకు గురవుతుంది, రెండూ మేలే. ద్వితీయ ముద్రణ నాటికి ఈమె ఆ పనికి పూనుకోవాలని కోరుతూ, నేను దాచుకొన్న పాత ఉర్దూ కత్తిరింపుల కట్టను ఈ పీఠికతోపాటే పంపుతున్నాను.