డేరా మేకు

ఈ వారము ఫిలింనగరులో ఒక ఔట్‌డోర్ యూనిట్ వారు లారీనుండి డేరా మేకుల మోపును దించుచుండగా చూచి నాకు మిక్కిలి సంతోషము కలిగినది. మూరెడు పొడవు, బొటనవ్రేలి లావు గల ఇనుప మేకులవి. ఎన్ని నేలలను చొచ్చి వచ్చినవో గాని, తలలు సమ్మెట దెబ్బలకు పుట్టగొడుగులవలె విచ్చుకొనినను ఒక్కటియు నడుము వంచి యుండలేదు. ఆ సాయంకాలమే జూబ్లీహిల్సులో మా పొరుగింటి కుర్రవాడు గండికోటనుండి తిరిగివచ్చి, వంకరలు పోయిన తన డేరా మేకులను నా బల్లమీద పోసి, "బాబాయిగారూ, ఒక్క రాత్రికే ఇలా అయిపోయాయి. కలకాలం ఉండే మేకులు ఏవో చెప్పండి, ఎంతయినా కొంటాను" అని అడిగెను.

ఈ శీర్షికను వదలక చదువువారికి నా పట్టుదల క్రొత్తది కాదు. గొడుగును గూర్చి వ్రాసినను, కుట్టుమిషనును గూర్చి వ్రాసినను నేను చెప్పుచు వచ్చినది ఒక్కటే: పల్లెలోని కమ్మరి బాగుచేయలేని వస్తువు ఎంత నాజూకైనదైనను మన్నికైనది కాదు. కావున ఇనుమే కొనుమని చెప్పబోయితిని. లోహముల లెక్కయు మొదట నా పక్షముననే పలికినట్లు తోచెను. డేరాతోపాటు సంచిలో ఊరక వచ్చు సన్నని కమ్మీలను గూర్చి చెప్పుటకేమియు లేదు. పెద్ద అంగళ్ళలో తేలికదనమే పరమగుణమని అమ్మునవి 7075 అను మిశ్రమలోహముతో చేసినవి. అల్యూమినియమునకు జింకు, మెగ్నీషియము, రాగి కలిపి 1930 దశకమున జపానువారు యుద్ధవిమానములకై సిద్ధపరచిన లోహపు జాతి అది. దాని బలము గొప్పది గాని, బాగుగా వంగినదానిని తిన్నన చేయబోయిన పగులును. మెత్తని ఇనుమన్ననో, రాతిమీద పెట్టి నాలుగు దెబ్బలు వేసిన మరల దారికి వచ్చును.

మేకులను గూర్చి తలచినప్పుడెల్ల నా మనస్సు టూరింగు టాకీసువైపు పోవును. బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్యనాయుడుగారు 1910లో క్రోనోమెగాఫోను యంత్రమును తెప్పించి, చెన్నపట్టణమున డేరా వేసి బొమ్మలాడించి, దానితోనే బర్మా సింహళములు తిరిగి, అటుపిమ్మటనే గెయిటీ అను శాశ్వతమైన శాలను కట్టించిరి. మన చలనచిత్రము గోడలమధ్యకు పోకముందు గుడ్డక్రింద, మేకుల ఆధారమున నిలిచినదను సంగతిని, నేడు ఈ గుట్టలమీద కాపురమున్న పరిశ్రమ స్మరింపవలెనని నా కోరిక. నా బాల్యమునందు కోతలైన పిదప మా యూరి వెలుపలి రేగడిచేలలో అట్టి డేరాయే దిగెడిది. దానిని నిలుపు మేస్త్రి లారీనుండి దిగినవెంటనే గుంజలను గాని గుడ్డను గాని ముట్టెడివాడు కాడు; చెప్పులు విడిచి, చేనంతయు నడిచి, బీటలు వారినచోట మడమతో త్రొక్కి, పెళ్ళలను చేత నలిపి చూచి, అప్పుడు గాని ఇచ్చట పాతుడని చెప్పెడివాడు కాడు. మేకులన్నియు నల్లతుమ్మ చేవతో చెక్కినవి. తల డేరాకు ఎడముగా వాలునట్లు, మోకు లాగు దిక్కునకు లంబముగా ఉండునట్లు వానిని దింపించి, మోకును నేలకు ఆనించి కట్టించెడివాడు. పైకి కట్టినచో మేకు తల ఊగి కుదురు వదలునని ఆయన భయము. గాలివాటమున ఒక్కొక్క మేకు వెనుక రెండవదానిని పాతి, మొదటిదాని తలను రెండవదాని మొదటికి కట్టి బిగించెడివారు. ఒకరాత్రి ఆట నడుమ అకాలవర్షము విరుచుకొనిపడగా, జనులందరు తాళ్ళను బిగించెదరని నేను ఎదురుచూచితిని. మేస్త్రి మాత్రము చీకటిలో చుట్టును పరుగెత్తుచు ప్రతి మోకును సడలించెను. జనుపత్రాడు తడిసినచో కుంచించుకొని, గాలి చేయలేని పనిని తానే చేసి మేకును పెకలించునని నాకు ఆ రాత్రి తెలిసినది. తెల్లవారి చూడగా చేను బురదయై యున్నది, డేరా నిలిచియున్నది.

ఇంతవరకు వ్రాసి ఆ రాత్రిని నెమరువేయుచుండగా, ఇనుముపై నాకు గల పక్షపాతము సడలుచు వచ్చెను. ఆ మేస్త్రి మేకులు కొయ్యవి. విరిగినచో మరియొకటి చెక్కుకొనెడివాడు. ఆయన నమ్మినది మన్నును. మేకు నిలుచుట తన బలముచేత కాదు, తన ముఖమునకు ఎదురొత్తు మట్టి వైశాల్యముచేత. మూడు రెక్కలు గల అల్యూమినియపు మేకు, అనంతగిరివంటి చోట వానకు మెత్తబడిన ఎఱ్ఱనేలలో, గుండ్రని ఇనుప కమ్మీ కంటె ఎక్కువ మట్టిని పట్టుకొనును. బరువు చూతమా: 6 మిల్లీమీటర్ల లావు, 20 సెంటీమీటర్ల పొడవు గల ఇనుప కమ్మీ 44 గ్రాములు తూగును; రెక్కల మేకు 15 గ్రాములకు అటునిటు. యూనిట్ వారి మోపును లారీ మోయును, ఈ కుర్రవాని సంచిని వాని వీపే మోయవలెను. అరచేతితోనో కాలితోనో దిగు నేలలో వంగని వస్తువునకు కమ్మరితో పనియేమి?

అయినను గండికోట వేరు. పెన్న కోసిన ఆ లోయ అంచున గల క్వార్‌ట్జైటు రాతిపై మట్టి పలుచన. మా జూబ్లీహిల్సు సంగతియు అంతే: 250 కోట్ల ఏండ్లనాటి గ్రానైటు బండ, దానిపై జానెడో బెత్తెడో మొరము. అక్కినేనివారు 1976లో అన్నపూర్ణ స్టూడియోను తెరచుటకు ముందు ఈ ప్రాంతమెట్లుండెనో ఎరుగగోరువారు కేబీఆర్ పార్కులోని రాళ్ళను చూడవచ్చును. మొరములో రెక్కలు దిగవు, మడతపడును. సన్నని ఇనుప మేకు గులకల నడుమ త్రోవ చేసికొనును. బండమీద అదియు పనికిరాదు. మా పొరుగింటి బిడ్డ ఆ రాత్రి కొట్టినది బండను. అచ్చట టైటానియమును కొనియున్నను వాని ధనమే వ్యయమగును. మేకును తాటి కొసకు అడ్డముగా కట్టి, దానిమీద తలకాయంత రాళ్ళు పేర్చినచో గాలికి చాలును. ఫిలింనగరు ఫ్లోరులలో సిమెంటు నేలపై డేరా వేయవలసినప్పుడు ఇసుక మూటలకు కట్టుదురే గాని నేలను పొడువరు.

కావున వానికి వ్రాసియిచ్చిన చీటీ ఇది: రెక్కల అల్యూమినియపు మేకులు 8, ఇనుప కమ్మీలు 4, నైలాను త్రాడు, బారెడేసి ముక్కలు 6. మొదట ఒక కమ్మీని చేతితో గ్రుచ్చి చూడవలెను. నాలుగంగుళములలో రాయి తగిలినచో జానెడు ప్రక్కకు జరుగవలెను, అచ్చటను తగిలినచో రాళ్ళు ఏరుకొనవలెను. వచ్చునెల బాపట్లవద్ద సూర్యలంకకు పోయెదనని చెప్పినాడు గనుక, చీటీ వెనుక ఇంకొక మాట చేర్చితిని: ఇసుకలో ఏ మేకును నిలువుగా నిలువదు, గుడ్డసంచిలో ఇసుక నింపి, మూతిని త్రాటితో బిగించి, మోచేతిలోతున పూడ్చుము.