తెలియని పట్టు

పోయిన ఆదివారం తెల్లవారుజామున కంబదూరు బస్టాండులో నేనూ మా మేనకోడలూ జూడో పోటీలకు పోవడానికి మొదటి బస్సు కోసం నిలబడ్డాం. టీ అంగట్లో పొయ్యి ఇంకా రాజుకోలేదు. పిల్ల భుజాన బ్యాగు, అందులో మా చెల్లెలు ఇస్త్రీ చేసి మడిచి పెట్టిన తెల్ల జూడో డ్రెస్సు, ఒక నీళ్ల సీసా. సీసా మూత తియ్యలేదు. బరువు చూసేదాకా గుక్కెడు నీళ్లు కూడా తాగనంది.

మళ్లీ ఇల్లు చేరేసరికి రాత్రి ఏడు దాటింది. ఆ రోజు మొత్తంలో ఆ పిల్ల జూడో ఆడింది 18 సెకన్లు.

కష్టం కాటా దగ్గరే మొదలైంది. 40 కిలోల విభాగంలో పేరిచ్చాం. 300 గ్రాములు ఎక్కువ చూపించింది. ఇంకో గంట టైముంది, తగ్గించుకొని రమ్మన్నారు. పిల్ల రెండు స్వెట్టర్లు ఒకదానిమీద ఒకటి తొడుక్కుని మైదానం చుట్టూ పరుగు మొదలుపెట్టింది. నోట్లో ఊరిన ఉమ్ము కూడా మింగకుండా ఊసుకుంటూ పరుగెత్తింది. ఆ ఉపాయం ఎవరో పెద్ద పిల్లలు చెప్పారట. నేను గోడ పక్కన నిలబడి చూశాను. కరువు ఏళ్లలో గంజి కేంద్రాల ముందు గిన్నెలు పట్టుకుని కూర్చున్న ముసలివాళ్లను చూసిన తరం మాది. ఇంట్లో అన్నం ఉండీ ముట్టకుండా, 13 ఏళ్ల పిల్ల ఉమ్ము ఊసుకుంటూ పరుగెడుతుంటే కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో కుస్తీ ఫైనల్ రోజు పొద్దున వినేశ్ ఫొగాట్ 100 గ్రాములు ఎక్కువై పోటీకే దూరమైనప్పుడు దేశమంతా బాధపడింది. ఆమెకు అప్పటికి 29 ఏళ్లు, చుట్టూ డాక్టర్లున్నారు. మా పిల్ల చుట్టూ నేనొక్కణ్ణే, నా చేతిలో ఒక అరటిపండు.

మొత్తానికి బరువు సరిపోయింది. ఎనిమిదింటికి నీళ్లు తాగింది. పేరు పిలిచింది మధ్యాహ్నం రెండున్నరకు. ఆ ఆరున్నర గంటలు ఎలా గడిచాయో పోటీలకు పిల్లల్ని తీసుకెళ్లిన తల్లిదండ్రులకు చెప్పక్కర్లేదు. ప్రతి పేరుకూ పిల్ల లేచి నిలబడుతుంది. అది తన పేరు కాదు. ఒళ్లు వేడి చేసుకుంటుంది, కూర్చుంటుంది, కాళ్లు చల్లబడతాయి, మళ్లీ లేస్తుంది. గోళ్లు కత్తిరించుకుని వచ్చిందే మళ్లీ ఎవరినో కత్తెర అడిగి ఇంకాస్త కత్తిరించుకుంది.

రెఫరీ 'హజిమే', అంటే మొదలుపెట్టండి, అన్నాడు. అవతలి పిల్ల కుడిచేత్తో కాలరు అందుకుంది, ఎడమచేత్తో చొక్కా చెయ్యి పట్టింది. మా పిల్ల ఒక అడుగు ముందుకు తోసింది. అంతే, ఆ పిల్ల గిర్రున తిరిగి మోకాళ్లు వంచి, తన వీపు దీని కడుపు కింద చేర్చి, మూపు మీదుగా ఎత్తి వేసింది. సియోయి నాగే అంటారు ఆ విసురును. వీపంతా మ్యాటుకు తగిలిన చప్పుడు నేను కూర్చున్న దగ్గరికి వినిపించింది. రెఫరీ చెయ్యి నిటారుగా లేచింది. ఇప్పోన్. కుస్తీలో చిత్తు చేసినట్టే, ఇక ఆట లేదు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి వంగి దండం పెట్టుకున్నారు. దీన్ని ఓడించిన పిల్ల తర్వాతి రౌండులో ఓడిపోయింది కాబట్టి మళ్లీ ఆడే దారి కూడా మూసుకుపోయింది.

ఆ రాత్రే కూర్చుని ఈ వారం కాలమ్ సగం రాసేశాను. అందులో ఏముందో ఈ కాలమ్ మొదటినుంచీ చదువుతున్నవాళ్లు ఊహించగలరు. విద్య వేరు, పోటీ వేరు అని నేను ఎన్నోసార్లు రాశాను. పేరుకు అంతర్జాతీయం, ఒక్కో విభాగంలో నలుగురే పిల్లలు, నలుగురికీ పతకాలు, తెల్లారితే నాలుగు ఫ్లెక్సీలు. ఆ కరాటే పోటీల గురించీ రాశాను. జూడో పుట్టించిన జిగొరో కానోను ఎన్నిసార్లు సాక్ష్యానికి పిలిచానో లెక్క లేదు. 1882లో టోక్యోలో ఒక గుడి ఆవరణలో, 12 చాపల గదిలో కొడొకాన్ మొదలుపెట్టిన మాస్టారు ఆయన. 1909లోనే ఒలింపిక్ కమిటీ సభ్యుడయ్యాడు. అయినా 1936లో రాసిన ఉత్తరంలో, జూడోను ఒలింపిక్స్‌లోకి తీసుకెళ్లాలన్న ఉత్సాహం చూపించలేదు. జూడో ఒక ఆట మాత్రమే కాదన్నది ఆయన పట్టుదల. ఈ మాటలు నా కాలమ్‌లో మీరు చదివారు. 14 ఏళ్ల లోపు పిల్లలకు పోటీలే వద్దని ఆదివారం రాత్రి రాసి పడుకున్నాను.

నిద్ర పట్టలేదు. మా పెద్దనాయన గుర్తొచ్చాడు.

ఆయన్ను కూడా నేను ఈ కాలమ్‌లోకి చాలాసార్లు తీసుకొచ్చాను. గరిడిలో సాము చేసినవాడు. గరిడి అంటే తల వంచి దూరాల్సినంత చిన్న వాకిలి, లోపల జల్లెడ పట్టిన ఎర్రమట్టి. మట్టిలో మజ్జిగ, నువ్వులనూనె, పసుపు కలిపేవాళ్లు. వర్షం లేక చేలు బీటలు విచ్చిన ఏడు కూడా ఆ మట్టి మాత్రం మెత్తగా ఉండేది. గోడకు ఆంజనేయస్వామి పటం, కింద రెండు జతల గదలు. పొద్దుపోయాక పది పన్నెండు మంది వచ్చి పట్లు పట్టేవాళ్లు. బహుమతి లేదు, పతకం లేదు. చూశారా, మన విద్య ఇలా ఉండేది అని మీకు చెబుతూ వచ్చాను.

కానీ మా పెద్దనాయన నాతో గరిడి గురించి ఎప్పుడూ పెద్దగా మాట్లాడలేదు. ఆయన ఎన్ని కుస్తీలు గెలిచాడో నాకు తెలియదు. ఓడిపోయిన ఒక్క కుస్తీ గురించి మాత్రం వందసార్లు విని ఉంటాను.

కర్ణాటక పొలిమేర దాటి చల్లకెర దిక్కున ఏదో జాతర. టవల్లో శనక్కాయలు మూట కట్టుకుని ముగ్గురు నడిచిపోయారట. ఎదురుగా దిగింది తనకంటే జానెడు పొట్టి మనిషి. మా పెద్దనాయన ఆ కుస్తీ చెప్పేటప్పుడు నా మణికట్టు పట్టుకుని చెప్పేవాడు. ఎనభై దగ్గర పడ్డా ఆ పట్టు వదిలించుకోవడం నావల్ల అయ్యేది కాదు. "ఇట్ల పట్టినాడు రా. ఇంగ నా చెయ్యి నాది కాదు" అనేవాడు. అంతే, ఆకాశం కనిపించిందట. ఆ కన్నడ మనిషి చెయ్యిచ్చి లేపి, తన టవలుతో ఈయన వీపున అంటిన మట్టి తుడిచాడట.

ఊరికొచ్చి ఆ ఏడంతా గరిడిలో అదే పట్టు. అందరిచేతా పట్టించాడు, అందరికీ పట్టి చూపించాడు. ఊళ్లో అంతకుముందు ఎవరికీ రాని పట్టు అది. తర్వాతి ఏడు జాతరకు మళ్లీ పోయాడు. ఆ మనిషి రాలేదు. ఈ మాట దగ్గర మా పెద్దనాయన ఎప్పుడూ ఆగిపోయేవాడు. కుస్తీ మాట మరిచిపోయినట్టు, వాన పడుతుందేమో చూడు అనేవాడు.

ఇన్నేళ్లూ ఆయన కథలో గరిడి ఒక్కటే మీకు చెప్పి, ఆ జాతర చెప్పకుండా వదిలేశాను. కానో విషయంలోనూ అదే చేశాను. ఒలింపిక్స్ మీద ఉత్సాహం చూపించని ఆ మాస్టారే 1884లో కొడొకాన్‌లో ఎర్రజట్టు, తెల్లజట్టు పోటీలు మొదలుపెట్టాడు. నెలనెలా జరిగే పోటీలూ ఆయన పెట్టినవే. ఆ సంగతి నాకు తెలుసు. నా వాదనకు పనికిరాదని పక్కన పెట్టాను.

సోమవారం మా పిల్ల బడికి పోలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. ఓదార్చడానికి నాకు తోచింది ఒకటే, ఫోన్ తీసి ఉతా అబే వీడియో పెట్టాను. టోక్యో ఒలింపిక్స్ విజేత ఈ జపాన్ అమ్మాయి. 2024 జులై 28న పారిస్‌లో తన రెండో మ్యాచ్‌లోనే ఉజ్బెకిస్తాన్ అమ్మాయి దియోరా కెల్దియోరోవా చేతిలో ఇప్పోన్‌తో ఓడిపోయింది. కోచ్‌ను పట్టుకుని హాలంతా ప్రతిధ్వనించేలా ఏడ్చింది. కొంతసేపు పోటీలే ఆగాయి. జనం చప్పట్లు కొడుతూ ఆమె పేరు పిలిచారు. ఆమెను ఓడించిన అమ్మాయి ఆ రోజు స్వర్ణం గెలిచింది. మన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ సంగతీ చెప్పాను. 2022లో, 2023లో ప్రపంచ విజేత. పారిస్‌లో ఆమెకు సీడింగ్ లేదు. రెండో బౌటుకే టాప్ సీడ్, చైనా బాక్సర్ వూ యు ఎదురొచ్చింది. స్వర్ణం గెలిచిందీ ఆ వూ యునే. డ్రాలో మన పేరు పక్కన ఎవరి పేరు పడుతుందో ఎవరి చేతిలోనూ లేదు పాపా అన్నాను.

అది లేచి కూర్చుంది. ఫోన్ తీసుకుంది.

"ఏడ్చేది వద్దు మామా. ముందు పట్టు చూపీ."

వీడియో వెనక్కి తిప్పి నాలుగైదుసార్లు చూసింది. తర్వాత తనే చెప్పింది. "ఇక్కడ నాతో ఆడే పిల్లలందరి పట్లూ నాకు తెలుసు. ఎవరు ఎడమకు తిరుగుతారో, ఎవరు కాలు అడ్డం పెడతారో తెలుసు. ఆ పిల్ల పట్టు నాకు తెలీదు కదా." కాసేపాగి ఇంకో మాట అంది. "ఎత్తేసినాక గూడా నా చెయ్యి వదల్లేదు మామా. అందుకే దెబ్బ తగల్లేదు."

జూడో తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. విసిరే మనిషి, ఎదుటి మనిషి గాల్లో ఉన్నప్పుడు కూడా ఆ చొక్కా చేతిని పైకి లాగి పట్టుకుంటుంది. అందువల్ల పడే మనిషి తల నేలకు కొట్టుకోదు, వీపు పరుచుకుంటుంది. మొదటి నెలలో పిల్లలకు నేర్పేది కూడా పడటమే. గడ్డం ఛాతీకి ఆనించాలి, అరచేత్తో చాపను చరచాలి. గెలవాలన్న ఆత్రంలో, ముక్కూ మొహం తెలియని పిల్ల భుజం మీదుగా దొర్లిపోతుంటే, ఆ చెయ్యి గుర్తుపెట్టుకుని పట్టుకుంది ఇంకో 13 ఏళ్ల పిల్ల. సీమ అనగానే కొడవలి పట్టించే సినిమావాళ్ల మీద నా కోపం మీకు తెలిసిందే. ఆదివారం నేను చూసిన సీమ ఇది. బయటివాళ్లు అనంతపురం కరువు జిల్లాకు జూడో ఏమిటని అడుగుతారు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ జిల్లాకు వచ్చి స్థాపించిన ఆర్డీటీ సంస్థ, అనంతపురంలో తన స్పోర్ట్స్ విలేజ్‌లో పల్లె పిల్లలకు జూడో నేర్పిస్తోందని చెబుతాను. వానకీ జూడోకీ సంబంధం ఏమిటి?

బరువు సంగతిలో నా మాట మార్చుకోను. ఈ వయసు పిల్లలు పస్తులుండి పరుగెత్తే పద్ధతి పోవాలి. ఎదిగే పిల్లలకు ఒక కిలో అటూఇటూ అయినా ఆడనివ్వాలి. లేదంటే పై విభాగంలోకి మార్చి ఆడించాలి, అంతేగానీ స్వెట్టర్లు తొడిగించకూడదు. పిల్లల్ని పొద్దున్నే రప్పించి రెండున్నరకు పిలవడమూ పోవాలి. ఏ విభాగం ఎన్ని గంటలకో కాగితం మీద రాసి గోడకు అంటించడం పెద్ద పనేమీ కాదు. పోటీలు వద్దని రాసిన సగం కాలమ్ మాత్రం తీసేశాను. కంబదూరులో ఎంత సాధన చేసినా ఆ పట్టు దీనికి కంబదూరులో దొరకదు. చల్లకెర దిక్కు నడవాల్సిందే.

నిన్న సాయంత్రం చెల్లెలి ఇంటికి పోయాను. బావ బెంగళూరులో కట్టడం పనికి పోయి నాలుగు నెలలు. వాకిట్లో వేపచెట్టుకు పాత సైకిల్ ట్యూబు కట్టి ఉంది. మేనకోడలు దాని రెండు కొసలూ పట్టుకుని తిరుగుతోంది, వంగుతోంది, మళ్లీ మొదటికొచ్చి తిరుగుతోంది. తను రోజూ చేసే కాలి పట్టు కాదు. ఆదివారం తనను పడేసిన పట్టు. కొంతసేపటికి తమ్ముణ్ణి పిలిచింది. పక్కింటివాళ్లు ఇల్లు కట్టడానికి తోలించుకున్న ఇసుక కుప్ప దగ్గర వాణ్ణి నిలబెట్టి కాలరు పట్టుకుంది. వాడు కిచకిచ నవ్వుతూ దీని మూపు మీదుగా గాల్లోకి లేచి ఇసుకలో పడ్డాడు. పడ్డాక చూస్తే వాడి చొక్కా చెయ్యి ఇంకా దీని గుప్పిట్లోనే ఉంది.