విరిగే కత్తి: ఒక ఆట నియమంపై విమర్శ

వీడియో గేమ్‌ను విమర్శించేటప్పుడు కథ, దృశ్యాలు, సంగీతం చూస్తే సరిపోదు. ఆట నియమాలను కూడా చదవాలి. 2017లో నింటెండో విడుదల చేసిన 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్' నుంచి ఒక నియమాన్ని పరిశీలిద్దాం. ఇందులో కథానాయకుడు లింక్ వాడే కత్తి, బల్లెం, గొడ్డలి కొన్ని దెబ్బలకే విరిగిపోతాయి. చాలా ఆయుధాలను బాగు చేయించుకునే వీలు లేదు. ఇది ఎందరో ఆటగాళ్లకు విసుగు తెప్పించింది. ఆ విసుగును మీరు కొట్టిపారేయకండి, అలాగని దాన్నే తీర్పుగా తీసుకోకండి. ఆయుధం విరిగిన మరుక్షణం ఆటగాడు ఏం చేస్తాడో గమనించండి.

తొలి గంటల్లో లింక్‌కు దొరికేవి చెట్టుకొమ్మల వంటివే. కొమ్మ విరిగితే శత్రువు చేజార్చుకున్న దుడ్డుకర్రను అందుకోవచ్చు, గుట్ట మీది నుంచి బండ దొర్లించవచ్చు, గడ్డికి నిప్పు పెట్టవచ్చు, పారిపోనూవచ్చు. ఆయుధం విరగబోయే ముందు తెరపై హెచ్చరిక వస్తుంది. అప్పుడు దాన్ని శత్రువుపైకి విసిరితే దెబ్బ రెట్టింపు తగులుతుంది. ఇక్కడ నష్టం కూడా ఒక ఎత్తుగడే. ఒకే కత్తితో ఆటంతా గడిపేసే అలవాటును ఈ నియమం మాన్పిస్తుంది.

ముందుకు వెళ్లేకొద్దీ లెక్క తారుమారవుతుంది. బలమైన శత్రువును చంపడానికి మంచి కత్తులు ఖర్చవుతాయి. ప్రతిఫలంగా దొరికేది తరచూ మరో కత్తే. దాంతో ఆటగాడు మేలైన ఆయుధాన్ని బీరువాలో పట్టుచీరలా దాచుకుంటాడు, పోరాటాలను తప్పించుకు తిరుగుతాడు. వైవిధ్యం కోసం పెట్టిన నియమం పిసినారితనం నేర్పుతుంది. మాస్టర్ సోర్డ్ మాత్రం విరగదు. శక్తి అయిపోతే పది నిమిషాల్లో మళ్లీ పుంజుకుంటుంది. రూపకర్తలకే తమ నియమంపై పూర్తి నమ్మకం లేదేమో!

'మైన్‌క్రాఫ్ట్'తో పోల్చి చూడండి. అందులో చెక్క పికాక్స్ 59 సార్లు, వజ్రపు పికాక్స్ 1561 సార్లు పనిచేస్తుంది. తవ్వి తెచ్చిన సరుకుతోనే ఇంకొకటి చేసుకోవచ్చు కనుక ఆ అరుగుదల ఎవరినీ అంతగా బాధించదు.

2023లో వచ్చిన 'టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్' ఈ దారికి దగ్గరగా వచ్చింది. ఆయుధాలు ఇందులోనూ విరుగుతాయి. అయితే చంపిన శత్రువు కొమ్మును మామూలు కత్తికి అతికించి, అక్కడికక్కడే బలమైన ఆయుధం తయారు చేసుకోవచ్చు. గెలుపు తర్వాతి పోరుకు ముడిసరుకు ఇస్తుంది. దాచుకునే బుద్ధి పూర్తిగా పోలేదు లెండి. ఇప్పుడు కత్తులకు బదులు కొమ్ములు దాచుకుంటారు.