గట్టు తడిసేదాకా

కాలవలు కట్టేసిన నెలల్లో ఏలూరుకి ఒక వాసన పడుతుంది. ఎండిన బురద, కుళ్లిన గుర్రపుడెక్క, అడుగున మిగిలిన మడుగుల్లో పిల్లలు చేతులతో పట్టే మట్టగిడసలు, అన్నీ కలిసిన వాసన. జూన్‌లో విజ్జేశ్వరం నుంచి నీళ్లు వదిలాక కొన్నాళ్లకి అది పోతుంది. నా ఈత సీజన్ ఆ తర్వాతే.

ఈసారి గోదావరి కాలవ గట్టు మీద నిలబడ్డది రెండేళ్ల తర్వాత. బీరువా అడుగు నుంచి తీసిన ఈత కళ్లద్దాలు పెట్టుకోబోతే రబ్బరు పట్టీ బిరుసెక్కి పుటుక్కున తెగింది. దానికే అలా ఉంటే మోకాళ్ల సంగతేమిటని భయం వేసింది.

నాది ట్రయాథ్లాన్ పిచ్చి. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ట్రయాథ్లాన్ అంటే ఈత, సైకిలు, పరుగు, మధ్యలో ఆగకుండా. 1978 ఫిబ్రవరిలో హవాయిలో పదిహేను మంది మొదలెట్టిన పూర్తి ఐరన్‌మ్యాన్‌లో 3.8 కిలోమీటర్లు ఈదాలి, 180 తొక్కాలి, 42.2 పరుగెత్తాలి. ఆ మొదటి పోటీలో రెండో స్థానంలో వచ్చినాయన దగ్గర మంచినీళ్లు అయిపోతే వెంట ఉన్న స్నేహితులు బీరు ఇచ్చారట. మా కైకలూరు రోడ్డు మీద అయితే మజ్జిగ ఇచ్చేవాళ్లు. ఇందులో సగం దూరం పోటీ 2019 నుంచి గోవాలో జరుగుతోంది: 1.9, 90, 21.1. అది నేను ఒకసారి పూర్తి చేశాను. ఆ పతకం ఇప్పుడు మా ఇంట్లో క్యాలెండర్ మేకుకి వేలాడుతోంది.

ఆ తర్వాత ఒక వేసవి పొద్దున, కొల్లేటి రోడ్డు మీద చేపల లారీ కార్చుకుంటూ పోయిన నీళ్ల మీద జారి పడ్డాను. భుజం దగ్గరి ఎముక విరిగింది. మూడు నెలల్లో అతుక్కుంది. మిగతా ఏడాదిన్నరకీ పాపం ఆ ఎముకని అనడానికి లేదు. ముందు వాన అన్నాను, తర్వాత పెళ్లిళ్లు అన్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేరు నిండి, చినయడ్లగాడి దగ్గర ఏలూరు–కైకలూరు రోడ్డు మీద నుంచే నీళ్లు పారాయి, రాకపోకలు ఆగిపోయాయి. సైకిలు తియ్యకపోవడానికి నాకు దొరికిన ఒకే ఒక్క నిజమైన సాకు అది. నీళ్లు తీశాక కూడా దాన్నే ఇంకో ఏడాది వాడుకున్నాను.

ఈ జూన్‌లో మళ్లీ మొదలెట్టినప్పుడు చేసిన తప్పు అందరూ చేసేదే. పాత డైరీ తీశాను. అందులో కిలోమీటరు అయిదు నిమిషాల నలభై సెకన్లు అని నా చేతిరాతే ఉంది. అదే వేగం పట్టుకుని గట్టు మీద పరుగెత్తాను. మొదటి వారం ఆయాసం. రెండో వారం ఆయాసం తగ్గింది, ఇంకేం, పాత మనిషినే అనుకున్నాను. మూడో వారం మడమ వెనక నరం పట్టేసి, మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవలసి వచ్చింది.

కుంటుకుంటూ లాకుల దగ్గర కూర్చున్నాను. కాలవ మీద లస్కరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు అక్కడికి రోజూ నీళ్లు చూసుకోవడానికి వస్తారు. ఉద్యోగం వదిలినా చూపు వదలలేదు. నీళ్లు వదిలి ఇన్నాళ్లయినా కాలవ సగమే ఉందేంటండీ అని, మాట కలపడానికి అడిగాను.

"ఎండిపోయిన గట్టండి ఇది. నెర్రెలిచ్చి ఉంటాది. ఒక్కసారే నిండా వదిలేస్తే ఎక్కడో చోట గండి పడిపోద్దండి. ముందు గట్టు తడవాలి. తడిసి బిగుసుకోవాలి. అప్పుడు నిండా పెట్టుకోవచ్చు."

"ఎన్నాళ్లు పడుతుందండీ?"

"గట్టునడగాలండి," అన్నారాయన నవ్వకుండా.

నా మడమ సంగతి ఆయనకి చెప్పలేదు. కానీ వ్యాయామశాస్త్రం చెప్పేదీ ఇదే. సాధన ఆపిన రెండు వారాల్లోనే రక్తంలోని నీటి పాలు తగ్గుతుంది, అందుకే అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. తిరిగి మొదలెడితే అది అంతే త్వరగా కోలుకుంటుంది కూడా. ఊపిరి అందుతోంది కదా అని మనం మురిసిపోతాం. కండని ఎముకకి పట్టి ఉంచే స్నాయువు మాత్రం నెలల లెక్కన బలపడుతుంది. అంటే నీళ్లు ముందే వచ్చేస్తాయి, గట్టు ఇంకా ఎండే ఉంటుంది. తిరిగొచ్చినవాళ్లు దెబ్బ తినేది చేతకాని రోజుల్లో కాదు, చేతనవుతున్నట్టు అనిపించిన మూడో వారంలో.

డైరీ మళ్లీ బీరువాలోకి పోయింది. ఇప్పుడు నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. కిలోమీటరుకి ఏడున్నర నిమిషాలు. పాల క్యాన్ల సైకిలు నన్ను దాటిపోతుంది. దాటిపోనిస్తాను. నిజానికి ఈ మొత్తం వ్యవహారంలో కష్టమైన పని అదే.

ఈత మీద ఇంకా భయం పోలేదు. ఊళ్లో కాలవ నీళ్లలో ఈదమని ఎవరికీ చెప్పను. ఊరు దాటి ఎగువకి పోవాలి, లాకులకీ తూములకీ దూరంగా దిగాలి, గట్టు మీద మనిషి ఉండాలి, నడుముకి నారింజ రంగు బుడగ కట్టుకోవాలి. నేను దిగేటప్పుడు మా తమ్ముడు గట్టు మీద నడుస్తాడు, ఫోన్ మాట్లాడుకుంటూనే లెండి. రెండొందల మీటర్లకే భుజం గుర్తు చేస్తుంది. అప్పుడు గోలి శ్యామలగారు గుర్తొస్తారు. సామర్లకోట ఆవిడ. నలభై దాటాక ఈత నేర్చుకుని, 2021 మార్చిలో పాక్ జలసంధి ఈదారు, 2025 జనవరి మొదట్లో విశాఖ నుంచి కాకినాడ దాకా సముద్రంలో నూట యాభై కిలోమీటర్లు, రోజుకి కొంత చొప్పున పూర్తి చేశారు. రోజుకి కొంత చొప్పున. ఆ మాట దగ్గర నేను ఆగుతాను.

సైకిలు ఒక్కటే ఆట్టే మొండికెయ్యలేదు. భీమడోలు, పూళ్ల, కైకరం మీదుగా తాడేపల్లిగూడెం వెళ్లి, ఉల్లి మార్కెట్ వాసన పీల్చి వెనక్కొస్తే రానూ పోనూ వంద కిలోమీటర్ల దాకా తేలుతుంది. అది ఇంకా దూరం. ప్రస్తుతానికి గుడివాకలంక దాకానే. కొల్లేరులో కొండలుండవు, ఎక్కుడు లేదు కదా అని బయటివాళ్లు అనుకుంటారు. ఇక్కడ గాలే కొండ. ఆషాఢంలో నైరుతి నుంచి కొట్టే గాలికి చెరువు గట్ల మీద ఆపడానికి ఒక చెట్టయినా లేదు. గేరు తగ్గించి, తల వంచి తొక్కాలి. చెరువుల్లో తాళ్లకి వేలాడే తవుడు సంచుల చుట్టూ చేపలు నీళ్లని ఉడికిస్తుంటాయి. వెనక్కి తిరిగితే అదే గాలి వీపు మీద చెయ్యేసి ఏలూరు దాకా తోస్తుంది. ఆ కాసేపటి కోసం మిగతాదంతా ఓర్చుకోవచ్చు.

మొన్న ఆదివారం లాకుల దగ్గర పెద్దాయన కనిపించారు. కాలవ గట్టుకి జానెడు కింద దాకా నిండుగా పోతోంది.

"తడిసిందండి," అన్నారు.

నా మడమ ఇంకా తడవలేదు. గోవాకి ఈ ఏడు పేరు ఇవ్వలేదు.

చేపల లారీలు నడిపే అన్నలకి ఒక విన్నపం. తెల్లారగట్ల అయిదున్నరకి గుడివాకలంక దాటాక ముందు ఎర్రదీపం ఒకటి మినుకుమినుకుమంటూ మెల్లగా పోతుంటే అది నేనే. హారన్ కొట్టకుండా, కాస్త ఎడం ఇచ్చి పోండి. వీలైతే ఆ ఐసు నీళ్లు చెరువు దగ్గరే వంపేసి బయల్దేరండి.