సంభాషణ నియమాల ఉల్లంఘన - హాస్యం: ‘ఫాల్టీ టవర్స్’ ఆధారంగా ఒక పరిశీలన

టెలివిజన్ హాస్యాన్ని భాషాశాస్త్ర దృష్టితో చూసే పరిశోధనలు తరచుగా గ్రైస్‌తో మొదలవుతాయి. హెచ్.పి. గ్రైస్ 1967లో హార్వర్డ్ ఉపన్యాసాలలో వివరించి, 1975లో వ్యాసరూపంలో ప్రకటించిన సహకార సూత్రంలో నాలుగు నియమాలున్నాయి. అవసరమైనంతే చెప్పడం పరిమాణ నియమం. నిజమని నమ్మినదే చెప్పడం గుణ నియమం. ప్రస్తుతానికి సంబంధించినదే చెప్పడం సంబంధ నియమం. స్పష్టంగా చెప్పడం రీతి నియమం. సంభాషణలను ఎత్తిరాసి, ఏ నియమం ఎన్నిసార్లు భంగమైందో పట్టిక వేసి, అదే హాస్యకారణమని తేల్చడం ఒక పరిపాటిగా మారింది. అయితే నియమభంగం ప్రతి అబద్ధంలోనూ ఉంటుంది. ప్రతి అబద్ధానికీ నవ్వు రాదు.

జాన్ క్లీస్, కానీ బూత్ రచించిన ‘ఫాల్టీ టవర్స్’ 1975, 1979 సంవత్సరాలలో బి.బి.సి.లో 12 భాగాలుగా ప్రసారమైంది. టార్కీ పట్టణంలోని ఒక హోటల్ దీనికి రంగస్థలం. 1979లో వచ్చిన ‘కమ్యూనికేషన్ ప్రాబ్లమ్స్’ అనే భాగం పైన చెప్పిన పట్టిక పద్ధతికి మంచి పరీక్ష.

గది కిటికీలోంచి కనిపించే దృశ్యం బాగాలేదని మిసెస్ రిచర్డ్స్ ఫిర్యాదు చేస్తుంది. సిడ్నీ ఒపెరా హౌస్, బాబిలోన్ వేలాడే తోటలు కనబడతాయనుకున్నారా అని యజమాని బేసిల్ అడుగుతాడు. ఇది బాహాటమైన ఉల్లంఘన. మాటకు వెనుక ఉన్న అర్థం వినేవారికి అందాలనే ఉద్దేశంతో చేసినది. మన ఆలంకారికులు ధ్వని అన్నదానికి దగ్గరిది. ఇంతవరకు గ్రైస్ సరిపోతాడు.

అంతకుముందు జరిగిన స్వాగతస్థలి ఘట్టంలో సరిపోడు. స్పానిష్ వెయిటర్ మాన్యుయెల్ ‘ఏమిటి?’ అనే అర్థంలో ‘కే?’ అంటాడు. చెవుడున్న ఆమె దాన్ని ఆంగ్లాక్షరం అనుకుంటుంది. అతని ‘సి’, అంటే ‘అవును’, మరో అక్షరమవుతుంది. ‘వాట్’ ఇంటిపేరవుతుంది. చివరికి సి.కె. వాట్ అనే మేనేజరు ఒకడు పుట్టుకొస్తాడు. ఇక్కడ బుద్ధిపూర్వకంగా నియమం తప్పినవారు ఎవరూ లేరు. ఇద్దరూ శక్తికొద్దీ సహకరిస్తున్నారు. పట్టికలో ఈ ఘట్టాన్ని ఏ గడిలో వేయాలి?

గుర్రప్పందెంలో గెలిచిన సంగతి భార్యకు తెలియకుండా ఉండాలని, తనకేమీ తెలియదని చెప్పమని బేసిల్ మాన్యుయెల్‌కు నేర్పుతాడు. తర్వాత ఆ డబ్బు తనదేనని నిరూపించుకోవడానికి అతనినే సాక్ష్యం అడగవలసి వస్తుంది. మాన్యుయెల్ విశ్వాసపాత్రుడు, నేర్పిన మాటనే గర్వంగా అప్పజెబుతాడు. నేర్పినప్పుడూ, సాక్ష్యమప్పుడూ వాక్యం ఒక్కటే. భంగమయ్యే గుణ నియమమూ ఒక్కటే. రెండవసారే నవ్వు పగలబడుతుంది. మారినది నియమం కాదు. ఆ మాట ఎందుకు పుట్టిందో, ఇప్పుడు దానివల్ల ఎవరు మునుగుతున్నారో ప్రేక్షకునికి తెలుసు, మాన్యుయెల్‌కు తెలియదు, బేసిల్‌కు తెలిసినా నోరు విప్పలేడు.

‘కన్యాశుల్కం’లో వెంకమ్మ ముచ్చటపడి గిరీశాన్నీ వెంకటేశాన్నీ ఇంగ్లీషులో మాట్లాడమంటుంది. గురుశిష్యులు ఒకరి మాటకొకరికి పొంతనలేని బడిపాఠాలు వల్లిస్తారు. సంబంధ నియమం పూర్తిగా కూలిపోయిన ఆ సంభాషణ వెంకమ్మకు కొడుకు పాండిత్యంగా వినిపిస్తుంది. ఇంగ్లీషు తెలిసిన పాఠకుడు నవ్వేది గిరీశం మాటలకంటే, ఆమె సంతోషానికే ఎక్కువ. ఆ నవ్వులో కొంత జాలి కూడా ఉంది.