బొమ్మ కింద ఎవరి పేరు

పోయిన ఆగస్టు 9న నకరికల్లు సెంటర్లో ఒక ఫ్లెక్సీ చూశాను. ప్రపంచ ఆదివాసీ దినోత్సవ శుభాకాంక్షలు అని పైన పెద్ద అక్షరాలు. ఎడమ పక్క ఈకల కిరీటం పెట్టుకున్న అమెరికా ఆదివాసీ ముఖం. కుడి పక్క త్రికోణాల ఒంటితో చేతులు పట్టుకుని ఆడుతున్న వార్లీ మనుషులు. కింద వరసగా మన పిల్లల ఫొటోలు. సుగాలీ ఫేటియా గాని, ఎరుకల బుట్ట గాని, చెంచు విల్లు గాని ఎక్కడా లేవు. చేసినవాడు మన కుర్రాడే. అడిగితే, "ట్రైబల్ అని కొడితే ఇవే వచ్చాయి సార్, ఫ్రీ వెక్టర్లే" అన్నాడు.

వాణ్ణి తప్పు పట్టడం తేలిక. వెక్టర్ అంటే గీతలనూ వంపులనూ లెక్కగా దాచిన బొమ్మ. పోస్టుకార్డంత ఉన్నదాన్ని పదడుగుల ఫ్లెక్సీ చేసినా అంచు చెదరదు. రాత్రికి రాత్రి పని అప్పజెప్పాలంటే ఎవరైనా దానికోసమే వెతుకుతారు. కాకపోతే వాడి మాటలో 'ట్రైబల్', 'ఫ్రీ' అనే రెండు ముక్కలనీ విడదీసి చూడాలి.

ముందు 'ఫ్రీ' సంగతి. డబ్బు అడగలేదంటే హక్కు వదిలేశారని కాదు. ఓపెన్‌క్లిప్‌ఆర్ట్ వంటి చోట బొమ్మలు సీసీ జీరో కింద ఉంటాయి, అంటే గీసినవాళ్లు తమ హక్కు వదులుకున్నారు. వికీమీడియా కామన్స్‌లో బొమ్మ బొమ్మకీ షరతు మారుతుంది. 'బీవై' అని ఉంటే గీసినవారి పేరు, లైసెన్సు పేరు, మనం ఏం మార్చామో రాయాలి. 'ఎస్ఏ' ఉంటే మనం మార్చి చేసినదాన్నీ అదే లైసెన్సు కింద ఇవ్వాలి. 'ఎన్‌డీ' ఉంటే మార్చినదాన్ని బయటపెట్టకూడదు. 'ఎన్‌సీ' ఉంటే వ్యాపారానికి పనికిరాదు. మన పుస్తకం యాభై రూపాయలకు అమ్ముతున్నాం కాబట్టి దాని అట్టకి ఎన్‌సీ బొమ్మ జోలికి పోకపోవడమే క్షేమం. రంగు మార్చాం, ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ చేశాం కాబట్టి మనదైపోయిందనే మాట మన దగ్గర చాలామంది నోట విన్నాను. కాదు. ఒకరి బొమ్మ మీదుగా గీసినా అది వారి బొమ్మకి పుట్టినదే.

టీచర్లకి కొంత వెసులుబాటు ఉంది. 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ పాఠం చెప్పే క్రమంలో టీచరు గాని విద్యార్థి గాని చేసే నకలుని తప్పుగా చూడదు. బడి గోడ దాటి ఫ్లెక్సీ ఎక్కితే ఆ వెసులుబాటు అక్కరకు రాదు. ఇంకో చిక్కు: నాలుగు సింహాల చిహ్నం వెక్టర్‌గా నెట్‌లో తేలిగ్గా దొరుకుతుంది. అయినా దాని వాడకానికి 2005లో వేరే చట్టమే ఉంది, సంఘం కరపత్రం మీద వేసుకోకూడదు.

ఇక 'ట్రైబల్'. ఈ మాట కింద దొరికేదంతా ఊరూ పేరూ లేని సొత్తని అనుకుంటాం. ఆ వార్లీ గీతని గోడ మీద నుంచి కాగితం మీదికి తెచ్చి ప్రపంచానికి చూపినవారిలో ముందు చెప్పుకోవాల్సిన పేరు జివ్యా సోమా మషే. 2011లో పద్మశ్రీ వచ్చింది, 2018లో పోయారు. మన చట్టం ప్రకారం చిత్రకారుడు పోయాక అరవై ఏళ్లు, అంటే ఆయన బొమ్మల మీద 2078 చివరిదాకా హక్కు ఉంటుంది. వార్లీ శైలిలో సొంతంగా గీసుకుంటే అది వేరు. ఆయన బొమ్మనే దించితే ఆదివాసీ సొత్తు ఆదివాసీకి రాకుండా చేసినవాళ్లలో మనమూ ఒకరం.

ఇక్కడే నన్ను ఎక్కువ కష్టపెట్టే విషయం ఉంది. మషేకి పేరుంది. మన ఫేటియా, కాంచళి మీద అద్దాలూ గవ్వలూ కుట్టిన ఆడవాళ్లకి లేదు. తరతరాలుగా వస్తున్న కుట్టుకి ఫలానా రచయిత అంటూ ఉండరు కాబట్టి కాపీరైటు దాన్ని పట్టుకోలేదు. సండూరు లంబాణీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, అది కర్ణాటకది. అదీ ఆ పేరుకి కాపలా కాస్తుంది గాని అంచు మీది గళ్లకి కాదు. అందుకని ఎక్కడివాడో మన అంచుని ఫొటో తీసి, వెక్టర్ చేసి, 'ట్రైబల్ ప్యాటర్న్' అని పేరు పెట్టి, తన పేరు రాయాలని షరతు పెట్టగలడు. మన కుర్రాడు ఆ ఫైలు దించుకుని ఆ షరతు పాటిస్తే చట్టం ప్రకారం వాడు నిక్కచ్చి. అయినా తన యాడి కుట్టుకి పరాయి పేరు రాసినవాడవుతాడు. (అతని హక్కు అతను గీసిన ఫైలు వరకే. మన అమ్మలు కుట్టుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు.)

వెతికి అలిసిపోవడం కంటే ఇంట్లో ఉన్నదాన్ని గీయడం తక్కువ పని. గవ్వ అంటే ఒక కోడిగుడ్డు ఆకారం, మధ్యలో పళ్ల చీలిక. ఒక్కటి గీసి నకళ్లు పేర్చుకోవచ్చు. అద్దం ఒక వలయం, చుట్టూ కుట్లు. మనకి ఇంకో ముడిసరుకు మండలంలోనే ఉంది. చేజర్ల కపోతేశ్వరాలయం వెనక వైపు గుండ్రంగా, ఏనుగు వీపులా ఉంటుంది, ఒకప్పటి బౌద్ధ చైత్యం. ఆ కట్టడం మీద కాపీరైటు ఎవరికీ లేదు. ఎవరో తీసిన ఫొటో మీద మాత్రం తీసినవారికి ఉంటుంది. కాబట్టి మన ఫోనుతో మనమే తీసి, దాని మీద గీసుకోవాలి. అక్షరాలకీ వెతుక్కోనక్కర్లేదు. సవర భాషకి నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి పేరు మీద 'గిడుగు' అనే తెలుగు ఫాంటే ఉంది. సిలికానాంధ్ర దాన్ని ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద విడుదల చేసింది. అట్టకి వాడుకోవచ్చు.

ఆ కుర్రాడు ఈమధ్య మళ్లీ వచ్చాడు. వాళ్ల నాయనమ్మ పాత ఫేటియా అంచు ఇంక్‌స్కేప్‌లో గీశాడు. గవ్వలు కొంచెం లావయ్యాయి, ఎరుపు మరీ ఫ్లెక్సీ ఎరుపు. కామన్స్‌లో పెడతానన్నాడు. గీసినవారి పేరు దగ్గర తన పేరు రాసుకున్నాడు. కుట్టినవారి పేరుకి అక్కడ గడి లేదు. వివరం రాసే చోట నాయనమ్మ పేరూ తండా పేరూ రాయమన్నాను. ఆమెని అడిగి రాస్తానని లేచాడు.